పాలసీ కాపీ కొట్టారు సరే, ఆ ఆఫీసర్ ఎవరు?

ప్రశ్న: నమస్కారం మేడమ్. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న కన్సల్టెన్సీ నడుపుతున్నాను. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ పిల్లల్ని పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు, బెంగళూరుకు పంపిస్తుంటాను. ఈ మధ్య బెంగళూరు కంపెనీ ఒకటి ‘మీ ప్రైవసీ పాలసీ పంపండి’ అంది, అంటే పిల్లల వివరాలు ఎలా వాడతామో చెప్పే కాగితం. మా మేనల్లుడు నెట్‌లో ఎవరిదో దించి పేరు మార్చి ఇచ్చాడు, పంపేశాను. ఇప్పుడు వాళ్ళు ‘ఇందులో ఉన్న డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌తో మాట్లాడాలి’ అంటున్నారు. ఆఫీసులో ఉండేది నేను, ఇద్దరు అమ్మాయిలు, అంతే. మాలాంటి చిన్నవాళ్ళకు ఇవన్నీ తప్పవా? ఆ పాలసీ కాపీ జత చేశాను.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అన్నగారూ, చదివాను. మూడో పేజీలో, ఫిర్యాదు ఉంటే ఐర్లండ్‌లోని అధికారులకు రాసుకోమని ఉంది. రాప్తాడు పిల్లోడు ఐర్లండ్‌కు ఏమని రాస్తాడు? నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, ఐదో పేజీ చూస్తే నవ్వు రాలేదు. అభ్యర్థుల వివరాలు ‘ప్రపంచంలోని మా అనుబంధ సంస్థలకు’ ఇస్తామని ఉంది. కింద మీ సంతకం.

ముందు ఆ కంపెనీకి మెయిల్ పెట్టండి, అది మీది కాదనీ, మీ సొంత పాలసీ రాసి పంపుతామనీ. ఆఫీసర్ సంగతికి టెన్షన్ పడొద్దు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం ఆ పదవి తప్పనిసరయ్యేది కేంద్రం ప్రత్యేకంగా గుర్తించిన పెద్ద సంస్థలకే. మీలాంటివారు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే ఒక మనిషి పేరు, నంబరు అందరికీ కనబడేలా పెట్టాలి. అది మీరే కావచ్చు.

అలాగని చిన్న ఆఫీసుకు చట్టం వర్తించదనుకోకండి. 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. వివరాలు బయటికి పొక్కకుండా జాగ్రత్త పడకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. అంత మీకు వేస్తారని కాదు, పైహద్దు అది. ‘మావన్నీ కాగితాలే కదా’ అని మీరు అడగొచ్చు. ఉత్త కాగితానికి ఈ చట్టం వర్తించదు, నిజమే. మీ అమ్మాయి ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసిందంటే వర్తిస్తుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. పాలసీ రాయబోయే ముందు ఒక్క పిల్లోడి ఫైలు మీ ఆఫీసులో ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. బయోడేటా, టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ మొదటిరోజే తీసుకుంటారు. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు. అందులో నలుగురు సూపర్‌వైజర్లు, ఇద్దరు సబ్‌ఏజెంట్లు, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళూ ఉంటారు. ప్రతివాడి ఫోన్ గ్యాలరీలో ఆ ఆధార్ చేరిపోతుంది. సరిగా రాని జిరాక్సులు చెత్తబుట్టలోకి. మా వీధి చివర బజ్జీల బండి దగ్గర పొట్లం విప్పితే ఎవరో అమ్మాయి మార్కుల మెమో, ఫొటోతో సహా. నూనె మరకల కింద పుట్టినతేదీ చక్కగా కనబడుతోంది.

ఇంటర్వ్యూకు పాస్‌బుక్ ఎందుకు? పీఎఫ్‌కు ఆధార్, జీతానికి బ్యాంకు ఖాతా కావాల్సింది ఎంపికయ్యాక కదా, అప్పుడే అడగండి. అంతవరకు గుర్తింపు చూడాలంటే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ చాలు. పని కోసం అవసరమైనంతే తీసుకోవాలని చట్టం కూడా చెబుతోంది. గ్రూప్ తీసేయండి, ఏ కంపెనీకి పంపుతున్నారో ఆ ఒక్కరికే మెయిల్‌లో పంపండి.

ఇక పాలసీ ఒక్క పేజీ చాలు, తెలుగులో. అడిగినవారికి తెలుగులో ఇవ్వాల్సిందే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు చట్టం ఇచ్చింది. ఇలా రాసుకోండి: ‘మీ బయోడేటా, ఫోన్ నంబరు, చదువు కాగితాల నకళ్ళు ఉద్యోగం చూడటానికి తీసుకుంటాం. మీరు సరేనన్న కంపెనీకి తప్ప ఎవరికీ ఇవ్వం. ఆరు నెలల్లో కుదరకపోతే చెరిపేస్తాం. ఈలోపే వద్దనుకుంటే ఈ నంబరుకు ఒక మెసేజ్ పెట్టండి. మా జవాబు నచ్చకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయొచ్చు.’ ఆరు నెలలని నేనన్నాను, మీకు ఏడాది కావాలంటే ఏడాది రాయండి. చెరిపేస్తామని రాశాక మాత్రం చెరపాలి. మేనల్లుడికి ఆ పని అప్పజెప్పండి, కుర్రాడు ఎలాగూ కంప్యూటర్ దగ్గరే ఉన్నట్టున్నాడు.

ప్రశ్న: ఆరు నెలల క్రితం ఒక కన్సల్టెన్సీకి ఆధార్, పాన్ జిరాక్సులిచ్చాను. ఉద్యోగం రాలేదు. తిరిగి ఇమ్మంటే నవ్వారు. నా పేరుతో ఎవరైనా లోన్ తీసుకుంటారేమోనని భయంగా ఉంది.
– ఒక చెల్లెలు, గుత్తి

జవాబు: చెల్లీ, నవ్వితే నవ్వనీ. ‘నా వివరాలు తీసేయండి’ అని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసి పెట్టు, నోటిమాటకు సాక్ష్యం ఉండదు. మన లోన్ల లెక్క ఉంచే సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, తీసి నీకు తెలియని లోన్ ఏదైనా ఉందేమో చూడు. నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది, నీది కానిదుంటే అక్కడే చెప్పొచ్చు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకో. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఎవరినీ సలహా అడగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఇకముందు జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ‘ఫలానా కంపెనీ ఇంటర్వ్యూ కోసం మాత్రమే’ అని తేదీ వేసి సంతకం పెట్టు. అక్షరాలు ఆధార్ అంకెల మీదుగా పోవాలి, పక్కన ఖాళీలో రాస్తే కత్తిరించేస్తారు.