తాళం దగ్గర ఆగిపోయిన వైఫై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్‌కు ఇంట్లోని వైఫై కలవడం లేదనీ, రూటర్‌లో పాస్‌వర్డ్ తీసేస్తే మాత్రం వెంటనే కలుస్తోందనీ, అందుచేత దాన్ని అలాగే వదిలేద్దామనుకుంటున్నాననీ రాశావు. దయచేసి ఆ పని చేయవద్దు. తాళం లేని వైఫైని చుట్టుపక్కల ఎవరైనా వాడుకోవచ్చు. పైగా ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య గాలిలో సాగే సమాచారానికి వైఫై తరఫున ఏ రక్షణా ఉండదు. అయితే నువ్వు చేసిన ఆ పరీక్ష వల్ల ఒక మేలు జరిగింది. సిగ్నల్ అందుతోందనీ, ల్యాప్‌టాప్‌లో వైఫైని అందుకునే భాగమైన అడాప్టర్ పనిచేస్తోందనీ, చిక్కంతా తాళం దగ్గరే ఉందనీ తేలిపోయింది.

కాబట్టి ముందుగా రూటర్‌కు పాస్‌వర్డ్ తిరిగి పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్ పేరు మీద 'ఫర్గెట్' నొక్కు. రూటర్‌లో పాస్‌వర్డ్ మారినా ల్యాప్‌టాప్ తాను దాచుకున్న పాతదాన్నే పంపుతూ ఉండడం చాలా తరచుగా జరిగే పొరపాటు. కొత్తగా టైపు చేసేటప్పుడు పెట్టె పక్కనున్న కన్ను గుర్తును నొక్కి, ప్రతి అక్షరాన్నీ చూసుకో. పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. చివర పడిన ఒక ఖాళీ కూడా అక్షరం కిందే లెక్క. నేను ఒకసారి సున్నాను ఇంగ్లీషు 'ఓ'గా చదివి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా కలవకపోతే, రూటర్ సెట్టింగుల్లో భద్రతా పద్ధతి ఏది ఎంచుకున్నావో చూడు. ఆ పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. అంతకు ముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది తెలియదు. దాని ముందుతరమైన డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన పద్ధతిని ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది. కొన్ని పాత అడాప్టర్లు ఆ మిశ్రమ పద్ధతిలో కూడా తడబడతాయి; అప్పుడు డబ్ల్యూపీఏ2 ఒక్కటే ఉంచి, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే విధానం) దగ్గర ఏఈఎస్ అని ఉండేలా చూసుకో. వెప్ అనే పాత పద్ధతి జోలికి మాత్రం వెళ్లవద్దు. దానిలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. ఏ మార్పైనా ఒక్కొక్కటిగా చేసి ఫలితం చూడు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో నీకే తెలియకుండా పోతుంది.

ఆ తరువాత చూడవలసింది డ్రైవర్, అంటే అడాప్టర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు కేబుల్‌తో కలిపి, తయారీదారు వెబ్‌సైటు నుంచే కొత్త డ్రైవర్ దించుకో.

ఎప్పుడైనా పాస్‌వర్డ్ అంగీకరించాక కూడా ఇంటర్నెట్ రాకపోతే ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే సంఖ్య) చూడు. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందలేదనీ, ల్యాప్‌టాప్ తనంతట తానే ఒకటి పెట్టుకుందనీ అర్థం. అది తాళం సంగతి కాదు, రూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడాలి. కార్యాలయాల్లో యూజర్‌నేమ్ అడిగే వైఫై దగ్గర ల్యాప్‌టాప్ తేదీ, సమయం కూడా సరిచూసుకో. అవి తప్పుగా ఉంటే, ఆ వైఫై అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ చెల్లదని ల్యాప్‌టాప్ తిరస్కరించవచ్చు. తెలియని సర్టిఫికెట్‌ను నమ్మమని తెర అడిగితే, అక్కడి నిర్వాహకులను అడగకుండా అంగీకరించవద్దు.

ఇవన్నీ చేసినా కలవకపోతే, తెర మీద కనిపించిన వాక్యాన్ని ఒక్క మాట కూడా మార్చకుండా, ల్యాప్‌టాప్ మోడల్‌తో సహా రాసి పంపు. నా జవాబు అందేవరకు కేబుల్‌తోనే పని కానివ్వు.