పాత అచ్చులో సీసపు గుండ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

గాలానికీ వలకీ కట్టే సీసపు గుండ్లను ఇంట్లోనే పోసుకునేవాళ్ల ప్రశ్నలకు ఈసారి జవాబులు. అన్నీ పాత అచ్చుల గురించే.

ప్రశ్న: పాత సామాన్లలో ఆరు గుంతల పోత ఇనుప అచ్చు దొరికింది. లోపలంతా తుప్పు. ఉప్పుకాగితంతో రుద్దొచ్చా?

అసలు రుద్దొద్దు. అచ్చులో రెండు పలకలూ వెంట్రుకవాసి సందు లేకుండా కలిసేలా వాటి ముఖాలను నునుపు చేసి ఉంటారు. ఉప్పుకాగితం తగిలితే గుంత అంచులు గుండ్రబడతాయి. ఆ తర్వాత పోసే ప్రతి గుండుకీ నడుం చుట్టూ రెక్క లేస్తుంది, దానికి ఇక మందు లేదు. గుంత లోపల గీత పడినా చేటే. సీసం ఆ గీతనే పట్టుకుని వేలాడుతుంది.

అచ్చును ఒక రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టండి. మర్నాడు అన్నిటికన్నా సన్నరకం, అంటే నాలుగు సున్నాల, ఉక్కు పీచుకు కుట్టుమిషను నూనె అద్ది వేలి కొనతో మెల్లగా తిప్పండి. గుంత నుంచి పలక అంచుకు వెళ్లే సన్నటి గీతలు కనిపిస్తాయి కదా, అవి గాలి బయటికి పోయే దారులు. వాటిలోని మట్టిని చెక్కిన వెదురు పుల్లతో తీయాలి. సూదీ చాకూ వద్దు. మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. పోతకు మచ్చ అడ్డం కాదు, తుప్పు తిన్న గొయ్యి అడ్డం.

చివర్లో సబ్బు, వేడినీళ్లతో జిడ్డు పూర్తిగా కడిగి ఆరబెట్టండి. తర్వాత అచ్చును తప్పకుండా వేడి చేయాలి. తుప్పు గోతుల్లో దాగిన తడి కంటికి కనిపించదు, సీసం తగిలితే మాత్రం ఎగజిమ్ముతుంది.

ప్రశ్న: గుండ్లన్నీ ముడతలు పడుతున్నాయి. సీసం వేడి ఎంత పెంచినా అంతే. లోపం ఎక్కడ?

లోపం సీసంలో లేదు, అచ్చు చల్లగా ఉంది. పాత అచ్చులు పట్టుకున్న వాళ్లలో చాలామంది పడే తికమక ఇదే. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోతకు 360 నుంచి 400 డిగ్రీలుంటే చాలు. అంతకు మించి కాచితే పైన తెట్టు ఎక్కువవుతుంది, పొగ పెరుగుతుంది, ముడత మాత్రం పోదు. చల్లటి ఇనుము తగలగానే సీసం గోడ దగ్గరే గడ్డకడుతుంది. వెనకొచ్చే ధార దానిమీద మడతలు మడతలుగా పడుతుంది. మీరు చూస్తున్న ముడతలు అవే.

అచ్చును పొయ్యి అంచున, మంట నేరుగా తగలని చోట, మూసిపెట్టి కాచండి. మంటలో పెడితే ఒకవైపే కాగి పలక వంకరపోతుంది. బాగా ఆరి గోరువెచ్చబడ్డాక అచ్చు మూలను కరిగిన సీసంలో ముంచి అర నిమిషం ఆగి తీయండి. మూలకు సీసం ముద్దగా అంటుకుంటే ఇంకా చల్లగా ఉన్నట్టు. ఏమీ అంటకుండా శుభ్రంగా వస్తే సిద్ధమైనట్టు. ఆ తర్వాత కూడా మొదటి నాలుగైదు వాయిలు తిరిగి పాత్రలోకే పోతాయని ముందే అనుకోండి.

అల్యూమినియం అచ్చు చప్పున కాగుతుంది, చప్పున చల్లారుతుంది. అందుకే వాయికీ వాయికీ మధ్య ఆగి గుండ్లు చూసుకుంటూ కూర్చోకూడదు. ఇనుప అచ్చు నిదానంగా కాగి, కాగాక వేడిని నిలుపుకుంటుంది. ఇంకో సంగతి, ఎప్పుడూ కీలు వైపు గుంతతోనే మొదలుపెడితే రెండో కొస చల్లగానే ఉండిపోతుంది. ఒక వాయి ఇటునుంచి, తర్వాతిది అటునుంచి పోయండి.

అచ్చు వేడెక్కాక కూడా ముడతలొస్తుంటే గుంతలో ఇంకా నూనె జిడ్డుందన్నమాట, మళ్లీ కడగాలి. అలా కాక గుండు మంచు పట్టినట్టు తెల్లగా, గరుకుగా వస్తే అచ్చు మరీ కాగినట్టు. గాలానికి ఆ తెలుపుతో నష్టమేమీ లేదు. కాస్త ఆగి పోస్తే సరిపోతుంది.

ప్రశ్న: గుండుకు తోక (పోత నోట్లో మిగిలి గట్టిపడ్డ సీసం) కత్తిరిస్తే లోపల బోలుగా కనిపిస్తోంది. బరువూ తగ్గుతోంది.

గట్టిపడేటప్పుడు సీసం పరిమాణం 3 శాతానికి పైగా తగ్గుతుంది. ఆ లోటును పూడ్చేది పోత నోటి దగ్గర ఇంకా ద్రవంగా ఉన్న సీసమే. నోటివరకూ నింపి గరిటె ఎత్తేస్తే లోపలికి దిగడానికేమీ ఉండదు. నోటిమీద ముద్ద కట్టేలా ఒకటి రెండు క్షణాలు అదనంగా పోయండి. ఆ ముద్ద మధ్యలో చిన్న లొట్ట పడిందంటే లోపలికి సీసం దిగినట్టు. మెరుపు పోయి మసకబారేదాకా అచ్చు కదపకండి.

గరిటె చిన్నదైనా ఇదే గతి. 50 గ్రాముల గుంతలు ఆరుంటే గుండ్లకే 300 గ్రాములు, తోకలు అదనం. గరిటెడు సీసం సగం గుంతలో అయిపోయి మళ్లీ ముంచుకొచ్చేసరికి మొదటి సగం గట్టిపడి, గుండు రెండు ముక్కలుగా వస్తుంది.

ప్రశ్న: గుండ్లకు చుట్టూ రెక్కలు. కొన్నిట్లో రెండు సగాలూ పక్కకు జరిగినట్టున్నాయి.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. రెక్క వస్తోందంటే పలకలు పూర్తిగా మూసుకోవడం లేదు. చాలాసార్లు ముఖంమీద అంటిన ఆవగింజంత సీసం తునకే కారణం. వేడిమీదనే చెక్కపుల్లతో గోకితే ఊడిపోతుంది. తునకేమీ లేకపోతే అచ్చు మూసి దీపానికి ఎదురుగా పట్టి చూడండి, వెలుతురు గీత ఎక్కడుందో అక్కడ పలక వంగింది.

సగాలు జరుగుతున్నాయంటే పలకలను జతచేసే పిన్నులు అరిగిపోయాయి. చాలా అచ్చుల్లో ఆ పిన్నును వెనకనుంచి చిన్న సుత్తితో ఒక్క రవ్వ ముందుకు తట్టవచ్చు. ఎక్కువ తడితే అచ్చు మూసుకోదు. తట్టడం, మూసి చూడటం, మళ్లీ తట్టడం, అంతే.

గుండు ఊడి రాకపోతే కొవ్వొత్తి మసిని గుంతకు పల్చగా పట్టించండి. అచ్చు పలకను మాత్రం సుత్తితో కొట్టకండి. కీలు మీద చెక్క పిడితో తట్టండి.

ప్రశ్న: పాత బ్యాటరీల సీసం, బండి చక్రాలకు పెట్టే బరువులు కరిగించొచ్చా?

బ్యాటరీల జోలికి పోవద్దు. పలకల్లో ఆమ్లం మిగిలి ఉంటుంది, వాటి తెట్టు నుంచి ప్రాణాంతకమైన విషవాయువు పుట్టే వీలుంది.

చక్రాల బరువులు పనికొస్తాయి, ఏరుకుంటే. వాటిలో ఇనుమూ జింకూ కలిసి ఉంటాయి. సిమెంటు గచ్చుమీద జారవిడిస్తే సీసం ‘దబ్’మంటుంది, జింకు ‘టంగ్’మంటుంది. కటింగ్ ప్లయరు పళ్లు సీసంలో దిగుతాయి, జింకులో దిగవు. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు. వేడి 370 దాటకుండా చూస్తే పొరపాటున పడ్డ ముక్క పైకి తేలుతుంది, తీసేయొచ్చు. జింకు కలిసిందంటే సీసం చిక్కటి జావలా తయారై సన్నటి మూలల్లోకి పారదు.

మూలలు సరిగా నిండాలంటే 5 కిలోల సీసానికి సగం తగరం, సగం సీసం ఉండే టంకం 100 గ్రాములు కలపండి. తగరం ఒక శాతం అవుతుంది, అది చాలు.

ప్రశ్న: వంటింట్లో పోయొచ్చా? పొగే కదా ప్రమాదం?

వంటింట్లో వద్దు. ఈ వేడిలో ఆవిరికన్నా పెద్ద ముప్పు తెట్టులోని బూడిదరంగు పొడి. అది సీసపు ఆక్సైడు, చేతులనుంచి తిండిలోకి, బట్టలనుంచి పిల్లల ఒంట్లోకి చేరుతుంది. గాలాడే ఆరుబయట, వాన చినుకు పడని కప్పు కింద పోయండి. తెట్టును మూతున్న డబ్బాలో వేయండి, ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ పాత్రా గరిటే మళ్లీ వంటకు పనికిరావు. తరచూ పోసేవాళ్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉంటే ఈ పని ఇంటికి దూరంగానే.

కరిగిన సీసంలో చల్లటి ముక్క వేయకండి, దానిమీద కనిపించని తడి ఉండొచ్చు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది, ఒక్క చుక్క చాలు పాత్రంతా చిమ్మడానికి. కొత్త ముక్కల్ని పాత్ర అంచున వేడెక్కనిచ్చి వేయండి. ముఖానికి కవచం, తోలు చేతితొడుగులు, మూసిన బూట్లు ఉండాల్సిందే.

ప్రశ్న: సీసం మానేసి అదే అచ్చులో వేరే లోహం పోయొచ్చా?

పోయొచ్చు. నీటిపక్షులు సీసపు గుండ్లు మింగి చచ్చిపోతాయి కాబట్టి మారడం మంచిదే. బిస్మత్ 58 పాళ్లు, తగరం 42 పాళ్లు కలిపితే 138 డిగ్రీలకే కరుగుతుంది. సీసం కన్నా తేలిక, 100 గ్రాముల గుంతలో 75 గ్రాముల గుండు వస్తుంది. బిగుసుకునేటప్పుడు ముడుచుకోదు, అందుకే గుంతలో గట్టిగా పట్టుకోవచ్చు, మసి తప్పనిసరి. దీనికి పాత్ర, గరిటె విడిగా పెట్టుకోండి. బిస్మత్, తగరంలో సీసం తగుపాళ్లలో కలిస్తే ఆ మిశ్రమం మరిగే నీళ్లలోనే కరిగిపోతుంది.