ప్రొబేట్ కన్నా ముందు చెల్లెలి సంతకం

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నగారు నిరుడు పోయారు. 1984లో తన జీతం డబ్బుతో కొన్న 650 గజాల స్థలం, అందులో పాత ఇల్లు ఉన్నాయి. సగం అమ్మకు, మిగతా సగం నాకూ తమ్ముడికీ సమానంగా రాసిన వీలునామా బీరువాలో దొరికింది. రిజిస్టర్ కాలేదు. చెల్లెలి పేరు అందులో లేదు. ఒక బిల్డరు 16 ఫ్లాట్లు కట్టి సగం మాకిస్తానంటున్నాడు, పైన 20 లక్షలు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడేమో స్థలాన్నే పెట్టుబడిగా పెట్టి బిల్డరుతో కలిసి ఫర్మ్ పెడదామంటున్నాడు. ప్రొబేట్ తీసుకోవాలా? ఏ దారి మంచిది?

జవాబు: వీలునామా నిజమైనదేనని కోర్టు వేసే ముద్రే ప్రొబేట్. అది ఉండి తీరాలన్న నిబంధన మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది, 2025లో దాన్ని తీసేశారు. హనుమకొండలో రాసి, హనుమకొండ ఆస్తి గురించే చెప్పే వీలునామాకు ప్రొబేట్ అప్పుడూ తప్పనిసరి కాదు, ఇప్పుడూ కాదు. రిజిస్టర్ కాకపోవడమూ లోపం కాదు. కావలసింది ఇద్దరు సాక్షుల సంతకాలు. రేపు గొడవ వస్తే వాళ్లలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే ఈ రోజే ఆ కాగితం చివరి పేజీ తీసి, సంతకాలు పెట్టిన ఆ ఇద్దరూ ఎవరో, ఎక్కడున్నారో కనుక్కోండి.

మీ ఉత్తరంలో చెల్లెలి గురించి ఉన్నది ఒక్క వాక్యమే. నా కళ్లు అక్కడే ఆగాయి. ఒకసారి లెక్క వేసి చూడండి. నానమ్మ లేరనుకుంటే, వీలునామాయే లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ మీ ముగ్గురికీ తలా పావు వస్తుంది. వీలునామా ప్రకారం కూడా మీకు పావే, తమ్ముడికి పావే. ఆ కాగితం వల్ల మారింది ఒక్కటే, చెల్లెలి పావు అమ్మకు చేరింది. స్వార్జితం కాబట్టి అలా రాసే హక్కు నాన్నగారికి ఉంది. కానీ ఆ అమ్మాయి వీలునామాను ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టకపోతే, ఫ్లాట్లు కొనేవాళ్లకు లోన్ ఇచ్చే బ్యాంకు వకీలు మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో బిల్డింగ్ పూర్తయ్యి, రంగులు కూడా వేశాక, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కూతురి పేరు చూసి బ్యాంకు రెండు లోన్లు ఆపేసింది. అప్పుడు వెళ్లి అడిగితే ఆమె, "ఇన్నేళ్లూ నేను గుర్తు రాలేదా అన్నయ్యా?" అంది. దానికి ఆ అన్న దగ్గర జవాబు లేకపోయింది.

కాబట్టి బిల్డరు దగ్గరికి వెళ్లే ముందు చెల్లెలి ఇంటికి వెళ్లండి. వీలునామా చూపించండి. మీ ఎనిమిది ఫ్లాట్లలో ఒకటి ఆమెకు ఇవ్వడానికి అమ్మ ఒప్పుకుంటే, నా దృష్టిలో అది దానం కాదు, మిగతా ఏడు ఫ్లాట్లకు మీరు కట్టే బీమా. ఏం ఒప్పుకున్నా రిజిస్టర్డ్ దస్తావేజులో రాయించండి, స్థలం మీది, కట్టడం బిల్డరుది అని వాటాలు రాసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో కూడా ఆమె సంతకం చేయించండి.

ఫర్మ్ ఆలోచన మాత్రం వద్దు, తమ్ముడికి గట్టిగానే చెప్పండి. స్థలాన్ని ఫర్మ్‌కు పెట్టుబడిగా ఇచ్చిన ఏడాదే మీరు దాన్ని బదిలీ చేసినట్టు లెక్క. చేతికి రూపాయి రాకముందే క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే ఆస్తి విలువ పెరిగిన లాభం మీద పన్ను, పడుతుంది. పైగా స్థలం ఫర్మ్ ఆస్తి అవుతుంది. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో బిల్డరు చేసిన అప్పుకు మీ సొంత ఆస్తి కూడా జవాబు చెప్పాలి. అదే రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయితే వ్యక్తులకు ఒక వెసులుబాటు ఉంది. కట్టడం పూర్తయినట్టు అధికారుల సర్టిఫికెట్ వచ్చిన ఏడాదే పన్ను. అప్పటి మీ ఫ్లాట్ల రిజిస్ట్రేషన్ విలువకు బిల్డరు ఇచ్చిన నగదు కలిపి లెక్క కడతారు. ఆ 20 లక్షల్లో ఇండియాలో ఉండే మీకూ అమ్మకూ ఇచ్చే దాంట్లోంచి బిల్డరు 10 శాతం టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటే కంగారు పడకండి, అది నిబంధనే. సర్టిఫికెట్ రాకముందే మీ వాటా అమ్మితే మాత్రం ఈ వాయిదా పోతుంది. 1984లో కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకోవచ్చు. అది ఆ రోజు రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ తేదీ మార్కెట్ విలువ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

అగ్రిమెంట్ చదివేటప్పుడు ఒక చోట వేలు పెట్టి ఆగండి. ప్లాన్ పర్మిషన్ కోసం కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ఏ ఫ్లాట్లు పెడతారో రాయకపోతే తనఖాకు మీ వాటా ఫ్లాట్లే పోవచ్చు. బిల్డరు వాటాలోంచే పెట్టాలని రాయించండి. ప్లాన్ రాగానే నంబర్లతో సహా ఎవరి ఫ్లాట్ ఏదో సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకోండి. బిల్డరుకు రాసిచ్చే జీపీఏలో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ తరఫున పనులు చేసే అధికార పత్రం) మీ ఫ్లాట్లు అమ్మే అధికారం బిల్డరుకు ఇవ్వకండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటింది, ఫ్లాట్లు ఎనిమిది దాటాయి కాబట్టి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ తప్పదు. అప్పగించిన తర్వాత ఐదేళ్ల దాకా నిర్మాణ లోపాలు బిల్డరే బాగు చేయాలి.

తమ్ముడు అమెరికా నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి అది ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. చాలామంది ఈ గడువు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి చేయించుకుంటారు.

ఇల్లు పడగొట్టాక అమ్మ ఎక్కడుంటారో మీరు రాయలేదు. తాళాలు చేతికి వచ్చే నెల దాకా ఆమె ఇంటి అద్దె బిల్డరే కట్టాలని, ఆలస్యమైతే నెలకు ఇంత అని అంకె వేసి అగ్రిమెంట్‌లో పెట్టించండి. కింది అంతస్తులో ఒక ఫ్లాట్ ఆవిడ పేరు మీదే ఉంచండి.