రైఫిల్ ముందు సైట్‌ను (గురి చూసే భాగాన్ని) గ్యాస్ బ్లాక్ (బ్యారెల్ నుంచి గ్యాస్‌ను మళ్లించే దిమ్మ) మీద బిగించాలా, హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు) మీదా?

వీలైనంత ముందుకు, కానీ కదలని చోట. ముందు, వెనక సైట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ గురిలో తప్పు తగ్గుతుంది. ఆ దూరం 500 మి.మీ. ఉంటే, ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగినా 100 మీటర్ల దగ్గర తూటా 10 సెం.మీ. తప్పుతుంది. 375 మి.మీ. అయితే 13 సెం.మీ. దాటుతుంది.

ఏఆర్-15 తరహా రైఫిల్లో గ్యాస్ బ్లాక్ నేరుగా బ్యారెల్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి సైట్ బ్యారెల్‌తోనే కదులుతుంది. అయితే గ్యాస్ బ్లాక్ బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ సైట్ మెత్తబడిపోతుంది, స్టీలుదే పెట్టాలి. హ్యాండ్‌గార్డ్ మీద వేడి తక్కువ. కానీ బ్యారెల్‌ను తాకని ఫ్రీఫ్లోట్ రకంలో స్లింగ్ (భుజానికి వేసుకునే పట్టీ) గట్టిగా లాగినా, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద బరువు వేసినా హ్యాండ్‌గార్డ్ కొస కాస్త వంగుతుంది. బ్యారెల్ అలాగే ఉంటుంది, సైట్ మాత్రం జరుగుతుంది. హ్యాండ్‌గార్డ్ గట్టిదైతేనే అక్కడ పెట్టండి, దాని రైలు (సైట్లు బిగించే గాళ్ల పట్టీ) ముందు చివరి స్లాట్‌లో.

చాలామంది మరిచేది ఎత్తు. గ్యాస్ బ్లాక్ రైలు సాధారణంగా రిసీవర్ (వెనక సైట్ ఉండే, రైఫిల్ ప్రధాన భాగం) రైలు కంటే కిందికి ఉంటుంది, అందుకే దానికి పొడవాటి సైట్ వేరే వస్తుంది. దాన్ని తెచ్చి హ్యాండ్‌గార్డ్ మీద పెడితే తూటాలు కిందకే పడతాయి. పోస్టును (ముందు సైట్‌లోని గురి ముల్లును) పూర్తిగా దించినా జీరో, అంటే గురిపెట్టిన చోటే తూటా తగలడం, కుదరకపోవచ్చు. స్క్రూ బిగించేటప్పుడు సైట్‌ను స్లాట్‌లో ముందుకు నొక్కి పట్టండి, లేదంటే రీకాయిల్‌కు (పేల్చినప్పుడు వచ్చే వెనక్కి తోపుకు) సైట్ తనంతట తానే ముందుకు జరుగుతుంది.