ఆర్‌ఎక్స్ 100 అమ్మకం: ముందు ఆర్‌సీ సంగతి చూడండి
మీరు బాగుచేయించిన 1992 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100ను మెచ్చుకున్నవారే, ఆర్‌సీ గడువు తీరిందని తెలియగానే సగం ధరకు అడుగుతున్నారని రాశారు. ధర తగ్గించకండి, 15 ఏళ్లు దాటిన బండికి ఫారం 25తో దరఖాస్తు చేసి, తనిఖీకి చూపించి, మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నాకే అమ్మకానికి పెట్టండి. హ్యాండిల్ కింది గొట్టంపై ఛాసిస్ నంబరు కొత్త పెయింటు కింద మసకబారి ఉంటే, గీకించకుండా పెయింటు రిమూవర్‌తో మెల్లగా తుడిపించండి, ఎందుకంటే అక్కడ గీత కనిపిస్తే నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది. తీసేసిన పాత సైలెన్సరు, కార్బురేటరు ఉంటే తప్పక చూపించండి. పాత బైకుల విలువ తెలిసినవారు కొత్త క్రోమ్ కన్నా వాటికే ఎక్కువ విలువ కడతారు. బండిని కొన్నవారి పేరుకు మార్చే ఫారం 29, 30లపై సంతకాలు పెట్టి ఊరుకోవద్దు; ఆర్‌సీలో పేరు మారేవరకు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యతని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.