వైజాగ్ పోతా ఉండారా, ఆ 22 చోట్ల లిస్టు కొంచెం పక్కన పెట్టండి

ఈసారి మీరు రాసిన ఉత్తరాలన్నీ సముద్రం గురించే. సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి మన తిరుపతి, చిత్తూరు జనానికి కొండలు చాలు అనిపించి నీళ్ల మీదికి మనసు పోతాది కాబోలు. వచ్చిన వాటిలో నాలుగు తీసుకున్నా.

అక్కా, మేం ఏడుగురం పోతా ఉండాం, అందులో ఇద్దరు పిల్లకాయలు, మోకాళ్ల నొప్పులుండే మా అత్త. చేతిలో మూడు రోజులే. మా ఆడబిడ్డ వాట్సాప్‌లో వైజాగ్‌లో చూడాల్సిన 22 చోట్ల లిస్టు పంపింది, అరకు కూడా అందులోనే ఉంది. అన్నీ అవుతాయా?
– ఒక అమ్మ, కొర్లగుంట, తిరుపతి

కావు తల్లీ. పోయేదానికి ఒక రాత్రి, వచ్చేదానికి ఒక రాత్రి రైలుకే పోతాది, ఏడొందల కిలోమీటర్లు దాటిన దూరం మరి. డబుల్ డెక్కర్ రైలు అనగానే పిల్లకాయలు ఎగురుతారు గానీ దాంట్లో పడుకునేదానికి బెర్తులుండవు, రాత్రంతా కూర్చునే పోవాల, అత్తని దాంట్లో ఎక్కించినారంటే వైజాగ్‌లో దిగేటప్పుడు ఆమె కాళ్లు ఆమె మాట వినవు. తిరుమల ఎక్స్‌ప్రెస్ లాంటి దాంట్లో లోయర్ బెర్తు చూడండి.

ఇంక లిస్టు. వైజాగ్ సముద్రం ఒడ్డున పొడుగ్గా పరుచుకున్న ఊరు, లిస్టు పట్టుకోని ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి చూస్తే సగం రోజు ఆటోలోనే పోతాది, అందుకే దిక్కు పట్టుకోని తిరగాల. మొదటి రోజు ఉత్తరానికి పోండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పాతిక ముప్పై కిలోమీటర్ల బీచ్ రోడ్డు ఉంది చూడండి, నన్నడిగితే వైజాగ్ అంటే ఆ రోడ్డే, కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు. ఒక కారు రోజంతటికీ మాట్లాడుకోండి. ఫస్టు కైలాసగిరి, రోప్‌వే ఉంది కాబట్టి అత్తకి మెట్ల బాధ లేదు, పైన తెల్లటి శివపార్వతుల పెద్ద విగ్రహాలు, వాటికన్నా అక్కడినుంచి కిందికి ఒంపు తిరిగిన తీరం చూడాల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటి చెట్లన్నీ పడగొట్టేసింది, మళ్లీ పచ్చగా అయిందంటే ఆశ్చర్యమే. (దసరా సెలవులకి పోయేవాళ్లు అక్టోబర్ తుఫానుల సంగతి మనసులో పెట్టుకోండి.)

తర్వాత రుషికొండ. అక్కడ కొండ మీద టీటీడీ వాళ్లే కట్టించిన వెంకన్న గుడి ఉంది, 2022లో తెరిచినారు. తిరుపతి నుంచి పోయి మళ్లీ వెంకన్నేనా అని మీ ఆయన నవ్వితే నవ్వనీండి, మీ అత్త మాత్రం సంతోషపడతాది, పైగా ఇక్కడ తిరుమల మాదిరి దర్శనానికి కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టేది లేదు.

ఇంకొంచెం పోతే ఎర్రమట్టి దిబ్బలు. దీన్ని మాత్రం హడావిడిగా చూడొద్దు. వేల ఏళ్ల కిందట పేరుకున్న ఇసక, దాంట్లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రగా అయింది, వాన నీళ్లు దాన్ని కోసి కోసి పాయలు చేసినాయి. పాయలోకి దిగితే రెండు పక్కలా మనిషిని మించిన ఎర్ర గోడలు, రోడ్డు మీద బండ్ల శబ్దం కూడా వినపడదు. గోడకి చెయ్యి తగిలితే చాలు, ఇసక జలజలా రాలి వేళ్ల సందుల్లో కుంకుమ మాదిరి ఉండిపోతాది. మా మేనల్లుడు తెల్ల చొక్కాతో ఆనుకోని ఫొటో దిగినాడు, ఆ చొక్కా మూడుసార్లు ఉతికినా వీపున ఎర్ర మరక అట్లే ఉంది. ముదురు రంగు బట్టలు వేసుకోని పోండి, గోడలు ఎక్కి తొక్కొద్దని పిల్లకాయలకి చెప్పండి, ఒకసారి విరిగితే మళ్లీ రాదు అది. అక్కడినుంచి భీమిలి దగ్గరే, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల పాత సమాధులున్నాయి, గోస్తని సముద్రంలో కలిసేది కూడా అక్కడే. సాయంత్రం వెనక్కొచ్చి ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తినండి, ఉల్లిపాయ ఎక్కువ వేయమనండి.

రెండో రోజు అరకు. పొద్దున్నే పోయే కిరండూల్ రైలు ఎక్కండి, దారి పొడుగునా సొరంగాలే, పిల్లకాయలు లెక్క పెడతామని మొదలుపెట్టి ఇరవైకే తప్పిపోతారు, గ్యారంటీ. మన శేషాచలం కూడా ఈ తూర్పు కనుమలే, కానీ ఇక్కడి రాయి, ఎండ చూసిన కళ్లకి అది వేరే లోకం. వచ్చేటప్పుడు రోడ్డు మీద రండి, అనంతగిరి ఘాట్‌లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ చెట్లు. బొర్రా గుహల్లో మాత్రం మెట్లు బాగా ఉంటాయి, తడి తడిగా జారతాయి, అత్తని బయటే కూర్చోబెట్టి మీలో ఒకరు తోడుండాల. ఎవరుండాలని గొడవ పడేది అక్కడ కాదు, ఇంట్లోనే తేల్చుకోండి. మూడో రోజు సింహాచలం, గుడి దాకా బండి పోతాది. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. అంతే, సాయంత్రం రైలెక్కేయండి. 22లో ఎన్ని అయినాయని ఆడబిడ్డ అడిగితే నా పేరు చెప్పండి.

మనవడు సబ్‌మెరైన్ చూడాలంటాడు. ఒడ్డున పెట్టిన ఇనప గొట్టంలో ఏముంటుందమ్మా చూడ్డానికి?
– రిటైరైన మాస్టారు, చిత్తూరు

మాస్టారూ, నేనూ అట్లే అనుకోని పోయినదాన్నే. ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియం చేసి పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా అది, రష్యావాళ్ల దగ్గర కొన్నది, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, మీకన్నా ఒక నాలుగేళ్లు అటో ఇటో. 91 మీటర్ల పొడుగు గొట్టం, లోపల డెబ్బైమందికి పైగా మనుషులు. ఒక గదిలోనుంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంత, ముందు కాలు పెట్టి తర్వాత తల వంచాల, తల ముందు పెట్టినారంటే బుడిపె కడతాది, నాకు కట్టింది. బంకులు ఒకదాని మీద ఒకటి, పక్కకి తిరిగి పడుకుంటే భుజం పై బంకుకి తగిలేటట్టు. రిటైరైన నేవీవాళ్లే దగ్గరుండి చెప్తారు, మీ మనవడి ప్రశ్నలకి విసుక్కోరు. నడుం పట్టేసే మనిషైతే మాత్రం మీరు బయట నిలబడి వాణ్ని పంపండి.

అయితే మీకు నేను చెప్పాలనుకున్నది రోడ్డుకి అవతల పక్క ఉండే విమానం గురించి. టీయూ 142 అని పెద్ద రెక్కలది, సముద్రంలో శత్రువుల సబ్‌మెరైన్లని వెతికేది. అది 2017లో రిటైరయ్యేదాకా ఉండింది యాడో కాదు, మన అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలిలో! చిత్తూరు నుంచి మద్రాసు రైల్లో ఎన్నిసార్లు అరక్కోణం మీద పోయింటారో, ఏదో ఒకసారి మీ తలపైన అది ఎగిరే ఉంటాది. ఇప్పుడు వైజాగ్‌లో టికెట్టు కొనుక్కోని చూడాల. రెండూ సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

కొత్తగా పెళ్లైంది అక్కా. ఆర్కే బీచ్‌లో ఇద్దరం ఈతకొట్టి, సూర్యుడు సముద్రంలో మునుగుతా ఉంటే ఫొటో దిగాలని ప్లాన్. ఏ టైముకి పోవాల?
– పీలేరు తమ్ముడు

తమ్ముడూ, వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడు, తూర్పు తీరం కదా, అక్కడ సముద్రంలోనుంచి లేస్తాడు, మునిగేది వెనక కొండల్లో. ఆ ఫొటోనే కావాలంటే గోవా పో, లేదంటే పొద్దున ఐదున్నరకి అలారం పెట్టుకో, కొత్త పెళ్లాన్ని ఆ టైముకి లేపే ధైర్యం ఉంటే.

ఈత మాత్రం ఆర్కే బీచ్‌లో వద్దు. మనం చెరువులు, బావులు చూసినవాళ్లం, అక్కడ నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రం వెనక్కి లాగుతాది. అలలు విరగని చోటు ఒకటి ప్రశాంతంగా, కొంచెం నల్లగా కనపడతాది, అమ్మయ్య ఇక్కడ బాగుందని అందరూ దిగేది అక్కడే, లోపలికి లాగే ప్రవాహం ఉండేది కూడా అక్కడే. ఎప్పుడైనా చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు పొడుగునా పక్కకి ఈది బయటపడి అప్పుడు ఒడ్డుకి రావాల. నీళ్లలో ఆడాలంటే రుషికొండ పోండి, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులు ఉంటారు, హద్దు కట్టిన చోటే దిగాల. నేను ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులోనే నిలబడి ఒక చెప్పు పోగొట్టుకున్నా, రెండోది చేతిలో పట్టుకోని వట్టి కాళ్లతో రూముకి వచ్చినా.

అంత దూరం డబ్బులు పెట్టి పోలేం. ఒక్క రోజులో పోయి వచ్చే సముద్రం చెప్పండి.
– రేణిగుంట నుంచి

2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంటే పులికాట్‌లో ఎక్కువ భాగం మన జిల్లాదే ఇప్పుడు. అయితే అది సముద్రం కాదు, ఉప్పునీళ్ల సరస్సు, చిలికా తర్వాత మన దేశంలో అదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఆ నీళ్ల మధ్యలోనే పోతాది, చలికాలం ఫ్లెమింగోలు మోకాలి లోతు నీళ్లలో తల కిందికి పెట్టి మేస్తా ఉంటాయి, లేచినప్పుడు రెక్కల కింద గులాబి రంగు కనపడతాది. దగ్గర్లో నేలపట్టులో గూడబాతులు. అలలే కావాలంటే నెల్లూరు అవతల మైపాడు పోండి, పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. దారిలో నెల్లూరులో చేపల పులుసు తినకుండా వస్తే మాత్రం నాకు మళ్లీ ఉత్తరం రాయొద్దు.