డబ్బాలు ఇప్పుడే విప్పకు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. మీరు కొన్న వినైల్ టైల్ బాగుంది, ఆ బూడిద రంగు రాయి డిజైను మీ హాలుకు నప్పుతుంది. కానీ వెనకాల కనపడుతున్న పాత మొజాయిక్ ఫ్లోరు, బాత్రూమ్ పక్క గోడకి కింద జానెడు ఎత్తున ఉబ్బిన సున్నం చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. సోమవారం ఆ నేల మీద టైల్ వెయ్యడానికి మేస్త్రీ వస్తున్నాడని రాశావు కదా, అతన్ని రెండు మూడు వారాలు ఆగమని ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. అడ్వాన్స్ ఇచ్చినా సరే.

ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఫ్లోరింగ్ పనులు చేయించాను. వినైల్ పాడైందని నన్ను పిలిచిన ఇళ్ళల్లో టైల్ తప్పు దాదాపు ఎక్కడా లేదు, తప్పంతా కింద నేలదే. పలకల మధ్య సందుల్లో గ్రౌట్ అనే మాలు నింపే ఈ రకం వినైల్ మందం నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, లోపల సున్నపురాయి పొడి కలుపుతారు కాబట్టి బరువుగా, చూడడానికి అచ్చం రాయిలా ఉంటుంది, కానీ గుణం మాత్రం రాయిది కాదు. కింద గుంట ఉంటే మెల్లగా అందులోకి దిగుతుంది, గడ్డ ఉంటే దాన్ని పైకి చూపిస్తుంది. వెయ్యడం రెండు రోజుల పని, కింద నేల తయారు చెయ్యడమే అసలు పని.

ముందు చెమ్మ సంగతి. మీది గ్రౌండ్ ఫ్లోరు, పాత ఇల్లు. అప్పట్లో చాలామంది బెడ్ కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు వేసేవాళ్ళు కాదు. నేలలోని చెమ్మ ఇన్నేళ్ళూ మొజాయిక్ సందుల్లోంచి పైకి వచ్చి గాలికి ఆరిపోతూ ఉంది, అందుకే మీకెవరికీ తెలియలేదు. దాని మీద వినైల్ పరిస్తే మూత పెట్టినట్టు అవుతుంది. చెమ్మ బయటికి పోయే దారి లేక కిందే నిలుస్తుంది, సిమెంటులోని క్షారాన్ని కూడా వెంట తెస్తుంది, రెండూ కలిసి గమ్మును తినేస్తాయి. ఒకసారి వానాకాలంలో ఒక ఆఫీసు గ్రౌండ్ ఫ్లోరులో ఓనర్ తొందర పెడుతున్నాడని చెమ్మ చూడకుండానే వేయించాను. మూడో నెలకల్లా గమ్ము జావలా అయ్యి సందుల్లోంచి పైకి ఉబికింది, మూలలు లేచాయి, నడిస్తే చెప్పులకు అంటుకునేది. మొత్తం పీకించి, గీకించి, నా డబ్బుతో మళ్ళీ వేయించాను. ఆ నెల ఇంట్లో ఎలా గడిచిందో మీ అత్తనడుగు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని ఇది. మందపాటి ప్లాస్టిక్ షీటు అడుగున్నర చదరం ముక్కలు నాలుగు కోసుకో. ఒకటి బయటి గోడ దగ్గర, ఒకటి ఆ బాత్రూమ్ గోడ దగ్గర, రెండు గది మధ్యలో వేసి నాలుగు అంచులకూ గాలి చొరకుండా టేపు వెయ్యి. కనీసం 16 గంటలు అలాగే ఉంచాలి, ఒక రోజంతా ఉంచితే ఇంకా మంచిది. తీసినప్పుడు ప్లాస్టిక్ లోపలివైపు నీటి బొట్లు కనపడినా, నేల చుట్టుపక్కల కంటే నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. పొడిగా కనపడిందని మాత్రం నిశ్చింతగా ఉండకు, చెమ్మ లోతులో ఉంటే ప్లాస్టిక్ ఒక్కోసారి పట్టుకోలేదు. గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి మీటరు పెట్టి చెమ్మ కొలిచేవాళ్ళను పిలిపించి, వచ్చిన అంకెను నీ గమ్ము డబ్బా మీద రాసిన హద్దుతో పోల్చి చూడు. ఎక్కువ వస్తే రెండు దారులు. ఒకటి, చెమ్మను ఆపే ఎపాక్సీ కోటింగు, నేలను బాగా గీకించాక డబ్బా మీద చెప్పినట్టే వేయించాలి. రెండోది, ఆ గదికి వినైల్ ఆలోచన మానుకోవడం. మానుకోమని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ బాత్రూమ్ గోడ ఉబ్బు వేరే సంగతి, అది పైపు లీకో, బాత్రూమ్ ఫ్లోరులోంచి ఊటో అయ్యుంటుంది. ముందు ప్లంబర్ చేత అది బాగు చేయించు, ఆ గోడ ఎండాకే మిగతాది. కొత్తగా సిమెంటు మాలు వేసిన చోట ఏదైనా ఉంటే, అంగుళం మందానికి నెల రోజుల లెక్కన ఎండనివ్వాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

చెమ్మ సంగతి తేలాక మొజాయిక్ మీదకు రా. ఒక రూపాయి బిళ్ళతో ప్రతి పలకనూ తట్టుకుంటూ పో, డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టు. అవన్నీ తీయించి రిపేర్ మాలుతో నింపించాలి. ఆ మొజాయిక్ మీద ఏళ్ళ తరబడి పడిన పాలిష్, మైనం, నేల కడిగిన సబ్బు జిడ్డు ఉంటాయి, వాటి మీద ఏ గమ్మూ పట్టదు. ఒక్క నీటి చుక్క వేసి చూడు, పీల్చుకోకుండా ముత్యంలా నిలబడితే పాలిష్ ఇంకా ఉన్నట్టు. మొజాయిక్ పాలిష్ చేసే మిషన్‌కే గరుకు రాళ్ళు పెట్టి పైపొర గీకించాలి. నీళ్ళతో గీకుతారు కాబట్టి తర్వాత వారం రోజులు ఎండనిచ్చి చెమ్మ మళ్ళీ చూసుకో. మేస్త్రీ యాసిడ్‌తో కడిగేద్దాం అంటాడు, వద్దను. వెనక గదిలో ఎప్పటివో నల్ల గమ్ముతో అంటించిన పలకలు ఉన్నాయన్నావు కదా, వాటిని మాత్రం గీకించొద్దు, పొడిగా పగలగొట్టించొద్దు. పాతకాలపు అలాంటి పలకల్లో, గమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఆ గదిని నేను వచ్చి చూసేదాకా ముట్టుకోకండి.

ఇక మట్టం. ఇక్కడ చాలామంది మేస్త్రీలు రసమట్టం పెట్టి బుడగ మధ్యలో ఉందని చూపించి లెవెల్ బాగుంది సార్ అంటారు. మనకు కావాల్సింది ఆ లెవెల్ ఒక్కటే కాదమ్మా, చదును. మీ హాలు నీళ్ళు పోవడానికని వీధి గుమ్మం వైపు కొంచెం వాలుగా ఉంటుంది, ఆ వాలు ఉంటే వినైల్‌కు ఏమీ కాదు, కానీ ఎత్తుపల్లాలు ఉండకూడదు. పది అడుగుల అల్యూమినియం పట్టీ నేల మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టుకుంటూ పో, కింద సందు 5 మిల్లీమీటర్లు దాటిన ప్రతిచోటా గుర్తు పెట్టు. రాత్రి లైట్లు ఆర్పేసి టార్చి నేల మీద పడుకోబెట్టి వెలిగిస్తే పట్టీకి దొరకని చిన్న గడ్డలు, పలకల సందులు నీడలతో సహా కనపడతాయి. ఆ సందులు నింపకుండా వేస్తే కొన్నాళ్ళకు సాయంత్రం కిటికీ ఎండ ఏటవాలుగా పడినప్పుడు పాత మొజాయిక్ గడులన్నీ కొత్త ఫ్లోరు మీద తేలతాయి. అలా తేలాక చేసేదేమీ లేదు.

ఎత్తులు గీకించు, పల్లాలు సిమెంటు ఆధారంగా చేసిన ఫ్లోర్ లెవెలింగ్ మాలుతో నింపించు. గోడకు పూసే పుట్టీ, పీఓపీ, వైట్ సిమెంటు, ఉత్త సిమెంటు పాలు, వీటిలో ఏదీ వద్దు, మేస్త్రీ ఎంత బతిమాలినా వద్దు. పుట్టీ బరువుకు పొడిపొడి అవుతుంది, పీఓపీ చెమ్మకు మెత్తబడుతుంది, సిమెంటు పాలు పొరలా లేచిపోతాయి. లెవెలింగ్ మాలు కంటే ముందు ప్రైమర్ తప్పకుండా వెయ్యాలి, నీళ్ళు బస్తా మీద రాసినంతే కొలిచి పొయ్యాలి, పోసేటప్పుడు ఫ్యాన్లు ఆపి కిటికీలు మూయాలి. గట్టిపడ్డాక నల్లగుడ్డతో తుడిచి చూడు, గుడ్డ తెల్లబడుతుంటే దుమ్ము ఇంకా పోలేదు.

ఈ పనికీ టైల్ వేసే పనికీ మేస్త్రీతో రెండు వేరు రేట్లు మాట్లాడుకో. అంతా కలిపి చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకుంటే అతను తొందరగా టైల్ దాకా వెళ్ళాలని చూస్తాడు. అతని తప్పు లేదు, ఆ లెక్కలో నేల చదును చేసినందుకు అతనికి ఒక్క రూపాయి రాదు.

టైల్ డబ్బాలను, టైల్ వేసే గదిలోనే పడుకోబెట్టి, 48 గంటలు ఉంచండి. డాబా మీదా, బాల్కనీలోనూ పెట్టొద్దు. అన్ని డబ్బాల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా చూడు, దాంతోపాటు ఈ టైల్‌కు గ్రౌట్ వెయ్యొచ్చని రాసి ఉందా అదీ చూడు. ఒకదానికొకటి లాక్ అయ్యే రకానికి గ్రౌట్ పనికిరాదు. వేసేటప్పుడు నాలుగు డబ్బాల నుంచి కలిపి తీసుకుంటే డిజైను ఒకేచోట కుప్ప పడదు.

గది మధ్య గీతలు గోడను నమ్మి కొట్టకండి, మీ గోడలు మూలమట్టంగా లేవు. దారం కొట్టి, రెండు గీతలు కలిసే చోటు నుంచి ఒక వైపు 6 అడుగులు, ఇంకో వైపు 8 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండిటి మధ్య కచ్చితంగా 10 అడుగులు వచ్చేదాకా సరిచేసుకోండి. గమ్ము లేకుండా ఒకసారి పరిచి చూసుకుంటే గోడ దగ్గర సన్నటి ముక్కలు రాకుండా గీత జరుపుకోవచ్చు.

గమ్ము కంపెనీ చెప్పిందే వాడాలి, పళ్ళున్న తాపీ సైజు కూడా డబ్బా మీదే ఉంటుంది. పూసిన వెంటనే టైల్ పెట్టడమే ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, సిమెంటు మాలుతో పని చేసిన చేతులు కదా, తడి మీదే వేసేస్తారు. ఈ గమ్ము పాలలా తెల్లగా ఉంటుంది, ఆ తెలుపు పోయి, వేలు పెడితే జిగటగా తగలాలి, వేలికి మాత్రం రాకూడదు, అప్పుడు వెయ్యాలి. వానాకాలంలో దీనికి ఎక్కువసేపు పడుతుంది. ఎండాకాలంలో అయితే గదిలో కూలర్ పెట్టకండి, అది చల్లదనంతో పాటు తేమ కూడా ఇస్తుంది. వేసిన టైల్ మీద మోకాళ్ళు పెట్టకుండా ప్లైవుడ్ ముక్క వేసుకుని కూర్చోవాలి. అయ్యాక 45 కిలోల రోలర్ రెండు దిక్కులా నడిపించాలి, అది అద్దెకు అడగండి, మనిషి తొక్కితే సరిపోదు.

గ్రౌట్ మర్నాడు. సందు సమంగా ఉండడానికి పెట్టిన స్పేసర్లు అన్నీ తీసేసి, ముందే కలిపి డబ్బాలో వచ్చే యాక్రిలిక్ గ్రౌటే వాడండి. బాత్రూమ్ టైల్స్‌కు వేసే మామూలు సిమెంటు గ్రౌట్ మిగిలి ఉంది కదా అని మేస్త్రీ అదే కలుపుతాడు, అది బిగుసుకుపోయే రకం, వినైల్ ఎండకు కొంచెం సాగి చలికి ముడుచుకుంటుంది కాబట్టి పగిలి ఊడిపోతుంది. రబ్బరు తాపీతో ఐమూలగా లాగుతూ, ఒకసారికి చాప వెడల్పంత మాత్రమే చేసి, బాగా పిండిన స్పాంజితో వెంటనే తుడవాలి. ఆ తుడవడానికి బోరు నీళ్ళు వద్దు, తెల్ల మచ్చలు పడతాయి, నల్లా నీళ్ళు రెండు బకెట్లు పక్కన పెట్టుకోండి. 24 గంటలు ఎవరూ నడవొద్దు, తడిగుడ్డ మాత్రం డబ్బా మీద చెప్పిన రోజులు గడిచాకే. గోడ అంచుల దగ్గర, బాత్రూమ్ గుమ్మం దగ్గర గ్రౌట్ బదులు అదే రంగు సిలికాన్ వేయించు.

తర్వాత రబ్బరు అడుగున్న డోర్ మ్యాట్లు వాడకు, వినైల్ మీద పసుపు మరక పడుతుంది, పోదు. యాసిడ్ తగలనివ్వొద్దు. కార్తీకంలో దీపాల కింద ఇత్తడి పళ్ళెం పెట్టమని మీ అత్తగారికి చెప్పు. బీరువా జరిపేటప్పుడు కింద ప్లై వేసి జరపండి.

ప్లాస్టిక్ ముక్కలు అంటించిన రోజు నాకు ఫోన్ చెయ్యి, మర్నాడు అవి విప్పే టైముకు నేను వస్తాను, అల్లుడిని కూడా ఇంట్లో ఉండమను. పది అడుగుల పట్టీ నా దగ్గర ఉంది, కొనకండి.

మీ మామయ్య